పక్క సీటు బ్రేకు

మా హాల్లో నేను కూర్చునే కుర్చీ ముందు తివాచీకి ఒక చిల్లు ఉంది. ఎలుక కొరికింది కాదు, నిప్పురవ్వ పడింది కాదు. నా కుడిపాదం తొక్కి తొక్కి పొడిచిన చిల్లు. దాని సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

నేను డ్రైవింగు స్కూల్లో మాస్టారిని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటారు, నేను పక్క సీట్లో కూర్చుంటాను. మా బళ్ళకి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నడిపేవాడు నొక్కడం మర్చిపోతే నేను నొక్కాలి. నడిపేవాడు ఎప్పుడూ మర్చిపోతాడు. అందుకని నా కుడికాలికి నొక్కడం అలవాటైపోయింది, బండిలో ఉన్నా లేకపోయినా. క్షవరం చేయించుకుంటుంటే కత్తెర చెవి దగ్గరికి రాగానే నొక్కుతాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే నొక్కుతాను. పై వాటాలో ఉండే పెద్దాయన మెట్లు దిగుతుంటే మా గుమ్మంలో నిలబడి నొక్కుతాను. మా ఆవిడ రెండుసార్లు తివాచీ మార్చింది. మూడోసారి, "ఇక చిల్లుతోనే కాపురం చేద్దాం" అని ఊరుకుంది.

నాకు ముక్కు మీద కోపమని కూడా అంటారు. అది పచ్చి అబద్ధం. ఎదుటివాళ్ళకి తెలివి తక్కువ, అంతే. బయటివాళ్ళకి రెండూ ఒకేలా వినపడతాయి.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. ఈ ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కరితో కూడా "బాగా నడుపుతున్నావు" అనలేదు. అది నా నియమం. మెచ్చుకుంటే వాడు మన మొహం చూసి నవ్వుతాడు. మన మొహం చూసేవాడు రోడ్డు చూడడు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒకణ్ణి నోరారా మెచ్చుకున్నాను. ఆ మరుక్షణం ఇద్దరం కలిసి ఒక కూరగాయల దుకాణంలోకి వెళ్ళాం, బండితో సహా. ఆ రోజు నుంచి వంకాయ చూస్తే నాకు గుండె దడ. ఈ కథ మా ఇంట్లో భోజనాల దగ్గర కనీసం వందసార్లు చెప్పి ఉంటాను.

అసలు గొడవ డాక్టరుతో మొదలైంది. పక్క సీటు మాస్టర్లకి మూడేళ్ళకోసారి డాక్టరు ఒళ్ళంతా చూసి, ఫర్వాలేదని కాగితం రాసివ్వాలి. ఈసారి ఆయన నా చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి, అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నూట డెబ్భై ఆరు. మళ్ళీ గాలి కొట్టాడు. నూట ఎనభై.

"మీరు కొట్టినకొద్దీ పెరుగుతోంది. ఇక ఆపెయ్యండి" అన్నాను.

"నవ్వులాట కాదండీ. మాత్రలు రాస్తాను. కానీ మాత్రలు ఒక్కటే చాలవు. మీ మనసు ఎప్పుడూ మీకంటే పది అడుగులు ముందు పరిగెడుతోంది. దాన్ని కాస్త ఉన్నచోట ఉంచడం నేర్చుకోండి. నాలుగు వారాలు చూస్తాను. ఈ పై అంకె నూట నలభై లోపు రాకపోతే కాగితం మీద సంతకం పెట్టను."

మా స్కూలు నా బావమరిదిది, అంటే మా ఆవిడ తమ్ముడిది. వాడు చాలా మర్యాదగా చెప్పాడు, మర్యాదగా చెబితేనే నాకు ఇంకా మండుతుంది.

"బావా, కాగితం లేకుండా నిన్ను బండెక్కిస్తే నా లైసెన్సు పీకేస్తారు. అంతదాకా వస్తే ఆఫీసులో గుర్తుల పాఠం చెబుదువుగాని. ఫ్యానుంది, కుర్చీ ఉంది, హాయిగా ఉంటుంది."

గుర్తుల పాఠం అంటే ఒక పెద్ద చెక్క బోర్డు మీద రోడ్డు గుర్తులన్నీ వేసి ఉంటాయి. ఒక కర్ర పట్టుకుని, "ఇది మలుపు, ఇది కూడా మలుపే, కానీ అటువైపు" అని చెప్పాలి. నాకు ముందున్న పెద్ద మాస్టారు చివరి ఆరేళ్ళూ ఆ కర్రతోనే వెళ్ళదీశాడు. మధ్యాహ్నమయ్యేసరికి వినేవాళ్ళూ కునికేవాళ్ళు, ఆయనా కునికేవాడు, కర్ర మాత్రం బోర్డు మీద 'హారన్ కొట్టరాదు' దగ్గర ఆగి ఉండేది. అది తలుచుకుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను బండిలోంచి దింపేస్తే నేనెవరిని? నాకు ఇంకో పని రాదు. వచ్చినా ఇష్టం లేదు. రోజూ తిట్టుకుంటూనే చేసినా, ఆ పక్క సీటంటే నాకు ప్రాణం.

ఆ సాయంత్రం మా ఆవిడ కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. "ఏవండీ, నేనొకటి చెబుదామని..."

"పొయ్యి మీద పాలు చూసుకో."

"పొయ్యి మీద పాలు లేవు."

"అయితే సరే" అన్నాను. ఆవిడ కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బావమరిది ఒక ఉపాయంతో వచ్చాడు. మా వీధి చివర లాండ్రీ పైన హాల్లో ఒకావిడ 'ఈ క్షణంలో ఉండటం' నేర్పుతుంది. మనసు నిన్నలోకీ రేపట్లోకీ పోకుండా ఇప్పుడు చేస్తున్న పని మీదే పెడితే శాంతి కలుగుతుందట. ఆవిడ మా స్కూల్లోనే డ్రైవింగు నేర్చుకుంటోంది. టెస్టు మూడుసార్లు తప్పింది, ముగ్గురు మాస్టర్లు ఆవిడని నాకొద్దంటే నాకొద్దన్నారు. ఆఫీసులో అందరూ ఆవిడని నిదానం మేడమ్ అంటారు. నేను ఆవిడకి గంట డ్రైవింగు చెప్పాలి, ఆవిడ నాకు అరగంట శాంతి చెప్పాలి. నాలుగో వారం శుక్రవారం ఆవిడ టెస్టు, శనివారం నా బీపీ.

ఆవిడ మూడుసార్లు తప్పిన వైనం కూడా వినదగ్గదే. మొదటిసారి పచ్చ లైటు పడితే, ఆ పచ్చదనాన్ని ఎంత శ్రద్ధగా చూసిందంటే అది ఎర్రగా మారేదాకా చూసింది. రెండోసారి ఒక పిల్లి రోడ్డు దాటుతోందని ఆపింది. పిల్లి మధ్యలో కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. ఆ నాక్కోవడం అయ్యేదాకా పిల్లికీ తొందర లేదు, ఈవిడకీ లేదు. ఇన్‌స్పెక్టరు దిగి నడిచి వెళ్ళిపోయాడు. మూడోసారి వెనక్కి వస్తూ దిమ్మెకి గుద్దింది. గుద్దితే గుద్దింది, దిగి వెళ్ళి ఆ దిమ్మె మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని నిలబడిందట.

మొదటి రోజు బండి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. ఆవిడ యాభై దాటిన మనిషి. చక్కటి మొహం, గొంతు మెత్తన. చేసే ప్రతి పనీ పైకి చెప్పుకుంటుంది.

"ఇప్పుడు క్లచ్ నొక్కుతున్నాను. పాదం కింద క్లచ్ బరువు తెలుస్తోంది. ఇప్పుడు గేరు పట్టుకున్నాను. గేరు చల్లగా ఉంది."

"గేరు చల్లగా ఉంటే ఏం, వేడిగా ఉంటే ఏం? వెనకాల పదిహేను బళ్ళున్నాయి, కదలండి మేడమ్!"

"హారన్లు వినపడుతున్నాయి" అంది ఆవిడ, ఏదో కచేరీకి వచ్చినట్టు.

"మేడమ్, ఎదురుగా బస్సు!"

"బస్సు ఇంకా రాలేదు కదా మాస్టారూ. వచ్చినప్పుడు చూద్దాం."

నేను బ్రేకు నొక్కాను. బస్సు కూడలిలో మా ముందు నుంచి ఊడ్చుకుంటూ పోయింది. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చూడండి, నా ఉద్యోగమంతా ఇంకా జరగని ప్రమాదాలతోనే. ఆ సైకిలు తిరుగుతుంది, ఆ తలుపు తెరుచుకుంటుంది, ఆ లారీ ఆగుతుంది అని పది సెకన్ల ముందే తెలుసుకుంటే మాస్టారు, తెలుసుకోకపోతే ఆస్పత్రి. అలాంటివాణ్ణి పట్టుకుని ఇప్పట్లో ఉండమంటే ఎలా ఉంటాను? ఇప్పట్లో నాకేం పని?

గంట అయ్యాక ఒక గోడౌను వెనక బండి ఆపి, నా పాఠం మొదలుపెట్టింది.

"కళ్ళు మూసుకోండి. ఊపిరి లోపలికి వెళ్తోంది. తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఇంతకుముందు కూడా వెళ్ళేది."

"ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. మధ్యలో ఇంకేదైనా ఆలోచన వస్తే, మళ్ళీ ఒకటి దగ్గరికి రండి."

ఒకటి. రెండు. మూడు దగ్గర ఒక కన్ను తెరిచాను. ఎవడో స్కూటరు దారికి అడ్డంగా నిలబెట్టి పోయాడు. "చూశారా ఆ వెధవ పని..."

"ఒకటి" అంది ఆవిడ.

మొదటి వారమంతా నేను నాలుగు దాటలేదు.

రెండో వారం బిస్కెట్ పాఠం. ఒక్క బిస్కెట్ పది నిమిషాలు తినాలి. ముందు చూడాలి, తర్వాత వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా ఉండాలి. నా పళ్ళ మధ్య పడ్డదేదీ అంతసేపు బతికి ఎరగదు. అయినా పంతం పట్టాను. ఇంట్లో కూడా అభ్యాసం చేద్దామని బిస్కెట్ టీలో ముంచి, అది తడవడాన్ని గమనించాను. మెత్తబడటాన్ని గమనించాను. విరిగి కప్పు అడుక్కి పోవడాన్ని కూడా గమనించాను. గమనిస్తూ ఊరుకోవాలే గాని కప్పుని తిట్టకూడదని మేడమ్ మర్నాడు చెప్పింది.

ఆవిడలా చేసే పని పైకి చెప్పుకుంటే మనసు నిలుస్తుందట. సరేనని స్నానాల గదిలో మొదలుపెట్టాను. "సబ్బు. సబ్బు. సబ్బు." తలుపు కొంచెం తెరుచుకుని మా ఆవిడ చెయ్యి ఒక సబ్బు అందించింది. నేను పట్టించుకోకుండా "సబ్బు... సబ్బు..." అంటూనే ఉన్నాను. ఇంకొకటి వచ్చింది. మూడోది బట్టల సబ్బు. "ఇంట్లో ఇక లేవండీ!" అని బయటి నుంచి అరిచింది.

మెట్లు ఎక్కుతూ "మెట్టు, మెట్టు, మెట్టు" అనుకుంటుంటే పై వాటా పెద్దాయన ఎదురొచ్చి, "ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. లెక్క తప్పింది.

"నేను శాంతంగానే ఉన్నాను!" అని అరిచాను. ఆ అరుపుకి ఆయన వచ్చిన దారినే వెనక్కి పైకి వెళ్ళిపోయాడు. పైకి వెళ్తున్నాడు కదా, కాలు నొక్కాల్సిన పని లేదు. అయినా నొక్కాను.

మూడో వారం చివర డాక్టరు మధ్యలో ఒకసారి చూద్దామని పిలిచాడు. నూట ఎనభై రెండు.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"పూట తప్పకుండా."

"మరి అభ్యాసం?"

"ప్రాణం పోయేలా చేస్తున్నానండీ!"

"అదే కనపడుతోంది" అన్నాడు.

ఆ రోజు బండిలో కూర్చుని నేను గుర్తుల బోర్డు తలుచుకుంటున్నాను. ఇంకా వారం ఉంది, ఆ తర్వాత కర్రే గతి. ఏడుపొక్కటే తక్కువ. నిదానం మేడమ్ గోడౌను వెనక బండి ఆపింది, ఇంజను కూడా ఆపేసింది. ఇరవై నిమిషాలు నన్ను గమనిస్తూ కూర్చుంది.

"ఇవాళ ఊపిరి వద్దు మాస్టారూ. మీకూ మీ ఊపిరికీ పడటం లేదు. వేరే సంగతి అడుగుతాను. మీ కుడికాలు ఇప్పుడు ఏం చేస్తోంది?"

కిందికి చూశాను. నా కుడిపాదం బ్రేకుని అడుగంటా నొక్కి పట్టుకుని ఉంది. పిక్క రాయిలా బిగిసి ఉంది.

"బండి ఆగి ఎంతసేపైంది?" అంది.

"ఇరవై నిమిషాలు."

"ఇంజను కూడా లేదు."

నేను కాలు తీశాను. మూడు సెకన్లలో దానంతటది మళ్ళీ వెళ్ళి నొక్కింది. నిజం చెబుతున్నాను, నాకు తెలియకుండానే వెళ్ళింది. నా కాలు వైపు నేను ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూశాను.

"దాన్ని ఆపకండి. తిట్టకండి కూడా. నొక్కినప్పుడల్లా నొక్కిందని తెలుసుకోండి చాలు. మీకు ఇంకే పాఠమూ లేదు" అంది.

ఆవిడ నాకు నా కాలు చూపించింది కాబట్టి, నేనూ ఆవిడకి ఏదో ఒకటి చూపించాలనిపించింది. తిరుగుదారిలో అదే కూడలి, అదే బస్సు. ఈసారి అరవలేదు.

"మేడమ్, బస్సు ఇంకా రాలేదు. నిజమే. కానీ అది వస్తోందని ఇప్పుడే కనపడుతోంది కదా? ఆ కనపడటం ఇప్పటిదే. మీరు చల్లటి గేరు దగ్గర ఆగిపోతున్నారు. అద్దంలోంచి దూరంగా చూడండి. అక్కడున్నది కూడా ఇప్పుడే ఉంది."

ఆవిడ బస్సుని చూసింది, వేగం తగ్గించింది, బస్సు పోయాక కదిలించింది. ఆ తర్వాత ముల్లు ముప్ఫై దగ్గరికి వెళ్ళింది. మూడు వారాల్లో ముప్ఫై చూడటం అదే మొదలు.

"ఇన్నేళ్ళూ నా ముక్కు కొసనే చూస్తున్నాను మాస్టారూ" అంది. నేను ఏమీ అనలేదు. మెచ్చుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు, కుడివైపు పళ్ళ దుకాణం ఉంది.

ఆదివారం పొద్దుటి నుంచి ఇంట్లో కూర్చుని కాలు నొక్కినప్పుడల్లా వేళ్ళ మీద లెక్కపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకి నలభై ఒకటి. వార్తల అమ్మాయికి ఏడు, పై వాటా పెద్దాయనకి నాలుగు, బావమరిది ఫోనులో "బావా, ఏమనుకోకు" అన్నప్పుడు మూడు. మిగతా ఇరవై ఏడు ఎక్కడివో అర్థం కాలేదు. మా ఆవిడ వడ్డిస్తూ, "ఏవండీ, నేను..." అంది. కాలు వెళ్ళింది. ఇరవై ఎనిమిది.

అప్పుడు తెలిసింది. నేను తల వంచుకుని బల్ల కిందికి చూశాను. ఆవిడ కూడా వంగి చూసింది.

"ఇవాళ చూసుకున్నారా? నేను పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను" అంది. "నేను నోరు తెరవగానే కాలు వెళ్తుంది. కాలు వెళ్ళగానే, పాలు చూసుకో, తలుపు చూసుకో అంటారు. మీ పక్కన మాట పూర్తి చేసిన మనిషి లేదండీ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. సిగ్గుతో చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. నేను ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ప్రమాదాలూ ఆపుతున్నాననుకుంటుంటే, ఇంట్లో ఈ మనిషి నోటి ముందు కాలు పెట్టి కూర్చున్నాను.

"ఏం చెబుదామనుకున్నావు? ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఇప్పుడు కాదు. వేళ వచ్చినప్పుడు చెబుతాను. అప్పుడు ఆ కాలు కాస్త చూసుకోండి" అని పెరుగు వడ్డించింది.

శుక్రవారం నిదానం మేడమ్ టెస్టు. మాస్టర్లు కంచె బయటే నిలబడాలి. నేను కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. కంచె స్తంభం మొదట్లో నా కాలు నాలుగుసార్లు నొక్కడం తెలిసింది, ఐదోసారి నొక్కబోతోందని ముందే తెలిసింది. ఆవిడ మలుపులు తిరిగింది, ఎత్తు ఎక్కింది, వెనక్కి వచ్చింది. దిమ్మెకి తగల్లేదు. ఇన్‌స్పెక్టరు నవ్వుతూ దిగి సంతకం పెట్టాడు. అంతా అయ్యాక, సంతోషంగా ఉంది కాబట్టి ఆ సంతోషాన్ని గమనిద్దామని గేటు మధ్యలో బండి ఆపేసింది. వెనకాల పదకొండు బళ్ళు ఆగిపోయాయి. నేనే వెళ్ళి కిటికీ తట్టి, "మేడమ్, పక్కకి తీసి సంతోషించండి" అన్నాను.

శనివారం పొద్దున్న పదింటికి డాక్టరు రమ్మన్నాడు. నా పాత కాగితం గడువు ముందురోజుతో తీరిపోయింది, స్కూలు బండి ముట్టుకోకూడదు. బస్సులో వెళ్ళాలి. ఆ బస్సులో నిలబడి, ఆ డ్రైవరు నడిపే తీరు చూస్తే డాక్టరు దగ్గరికి చేరేసరికి రెండు వందలు ఖాయం. చొక్కా వేసుకుని వీధి గుమ్మంలోకి వచ్చాను. మా ఇంటి ముందు బావమరిది సొంత బండి నిలబడి ఉంది. బావమరిది మాత్రం లేడు.

మా ఆవిడ చెప్పులేసుకుని నా వెనకే వచ్చింది.

"ఏవండీ, నేనొకటి చెప్పాలి."

కాలు కదిలింది. పాదం ఎత్తుకుంది, పిక్క బిగిసింది. తెలిసింది. తిట్టలేదు, ఆపలేదు. గుమ్మం మీద ఆ పాదం గాల్లో కాస్త ఊగి, ఏం చెయ్యాలో తోచనట్టు మెల్లిగా కిందికి దిగి పడుకుంది. నేను ఊరుకున్నాను.

ఆవిడ కూడా ఒక క్షణం ఆగింది. పాలూ తలుపూ ఏమీ రాకపోయేసరికి కంగారు పడినట్టుంది.

"నేను దింపుతాను" అంది. "నాకు లైసెన్సు ఉంది. వచ్చి పదకొండు నెలలైంది."

"నువ్వా? ఎప్పుడు?"

"ఆదివారాలు. తమ్ముడు బండి ఇచ్చాడు."

"ఆదివారాలు మీ పెద్దమ్మని చూడ్డానికి కదా వెళ్ళేదానివి!"

"పెద్దమ్మ వెనక సీట్లో కూర్చునేది. ఆవిడకి షికారు."

పక్క సీట్లో కూర్చున్నాను. ఈ బండికి నా వైపు బ్రేకు లేదు. కొత్త రబ్బరు పట్టా ఉంది, అంతే. మొదటి మలుపులో కాలు పట్టాని నొక్కింది, బండి తన దారిన తాను పోయింది. రెండో మలుపులో కూడా అంతే. నా కాలుతో ఈ లోకానికి పనిలేదన్నమాట. కూడలి దగ్గర బస్సు అటు నుంచి వస్తోంది. నేను చూసేలోపే మా ఆవిడ కాలు యాక్సిలరేటరు మీంచి తీసేసింది. బస్సు పోయింది. ఆవిడ అద్దం చూసి, మళ్ళీ అద్దం చూసి, కదిలించింది.

చెయ్యడానికి ఏమీ లేక నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఈ కూడలి గుండా ఎన్ని వేలసార్లు పోయానో లెక్కలేదు. మూల మేడకి మూడో అంతస్తులో నీలం తలుపు ఉందని ఇవాళే తెలిసింది. ఆ బాల్కనీలో ఒక కుక్క రెయిలింగు సందులోంచి తల బయటపెట్టి, కింద పోయే ప్రతి బండినీ పేరుపేరునా తిట్టిపోస్తోంది. ఒక్క బండి కూడా దాని మాట వినటం లేదు. పాపం, దానికి బీపీ ఎంతుంటుందో అనుకున్నాను. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను.

"ఇదంతా నీకు నేర్పిందెవరు?" అన్నాను. "మీ తమ్ముడికి ఇంత రాదే."

"తమ్ముడు తాళాలిచ్చాడు, అంతే. భోజనాల దగ్గర ఇరవై రెండేళ్ళుగా మీరు పాఠం చెబుతుంటే వింటున్నదెవరనుకున్నారు? ఆ బస్సువాడు అద్దం చూడడు. స్కూలు ముందు బంతి వస్తే వెనకాల పిల్లాడు వస్తాడు. ఆగిన బండి తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటుంది. మీరు ఎవరెవరినో తిట్టిన తిట్లన్నీ నాకు వంటబట్టాయి. వాళ్ళకే పట్టలేదు."

డాక్టరు పట్టీ చుట్టి గాలి కొట్టాడు. చూశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ కొట్టాడు.

"నూట ముప్ఫై నాలుగు" అన్నాడు. "మాత్రలు ఇప్పటికి దారికొచ్చాయి. అవి మానకండి. మాత్రలు కాక ఇంకేం చేశారు?"

"పక్క సీట్లో కూర్చున్నాను."

"అది మీరు రోజూ చేసేదే కదా?"

"ఎక్కడండీ! ఇవాళే కూర్చున్నాను" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, కానీ సంతకం పెట్టాడు. నేను ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెట్లు దిగేలోపు రెండుసార్లు తీసి చూసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్మని చెప్పాను.

తిరిగి వస్తుంటే కూడలి దాటాక నాకే ఉండబట్టలేదు.

"ఇదిగో, నేనొకటి చెప్పాలి" అన్నాను.

మా ఆవిడ అద్దం చూసింది. ఇండికేటరు వేసింది. బండిని మెల్లిగా పక్కకి తీసి, ఒక గోడ నీడలో ఆపి, చేతి బ్రేకు లాగింది. ఇంజను కూడా ఆపేసింది. అప్పుడు పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుని, "చెప్పండి" అంది.

ఇండికేటరు టిక్కు టిక్కుమనడం ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ నియమం అడ్డుపడింది. కాలు ఒకసారి పట్టా మీద కదిలింది. కదిలిందని చూశాను.

"బాగా నడుపుతున్నావు" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి నవ్వింది. ఎన్నాళ్ళకో అంత తీరిగ్గా నవ్వింది, రోడ్డు వైపు చూడనే లేదు.

"ఈ మాట వినడానికి బండి ఎందుకు ఆపావు?" అన్నాను.

"అనబోతున్నారని తెలిసే ఆపాను" అంది. "ముందర కూరగాయల దుకాణం ఉంది."